గురవమ్మ కట్ట మోసిన మహాసంగ్రామము

శేషాచల శిఖరముల మీదుగా దినమణి తిరుపతి నగరముపై నిప్పులు గురియుచుండగా, నల్లకోట్ల సేనలు చెమటేరులలో ఈదుచుండగా, ఒకానొక న్యాయస్థాన సోపానములపై ఘోరసంగ్రామము మొదలయ్యెను. వినుడు. వినకున్నను జరిగినది జరిగినదే.

ఒకవైపు వీరాంగన, చీపురుధారిణి, ఐరాల గ్రామసంభూత గురవమ్మ. తల నెరయువరకు ఒక జలవిభాగపు కార్యాలయమును ఊడ్చినది, నేటికిని ఊడ్చుచున్నది. ఉద్యోగము పర్మినెంటు చేయుమనియు, పక్క వరండా ఊడ్చు పర్మినెంటు వసంతమ్మతో సమానజీతము ఇమ్మనియు వ్యాజ్యము వేసినది. అవతల కార్యాలయాధిపతి, శీతలయంత్రచ్ఛాయానివాసి ముకుందం. ఆయన వాదము ఒక్కటే: ఈమె కాంట్రాక్టరు మనిషి, మా మనిషి కాదు.

ఆ సంగతి నిరూపించు కాగితాల కట్ట మేరుసమానము. కారు దిగిన ముకుందం అలవాటు చొప్పున గర్జించెను:

"గురవమ్మా! దీన్ని పైకి తీసుకురా!"

అలవాటు చొప్పుననే ఆమె కొంగు చుట్టకుదురుగా చుట్టి కట్టను నెత్తికెత్తుకొనెను.

అదే వ్యాజ్యములో తోడువాది దయానంద్ బొబ్బరించెను: "అక్కా, నీకేమన్నా పిచ్చా? మనల్ని కాదనే కాగితాలు మనమే మోసేదా?"

"మోయకపోతే రేపు గేటు కాడే నిలబెడతాడు. నువ్వొచ్చి బువ్వ పెడతావా అబ్బా? జరుగు, మెడ నొస్తా ఉండాది."

మోకాళ్ళు రణభేరుల వలె మ్రోగగా, చెమట కనులను గప్పగా, శత్రువు ఆయుధములను శత్రువు కొరకే మోయుచు ఆ వీరాంగన మూడంతస్తులు లంఘించి న్యాయపీఠము ఎదుట నిలిచెను.

కార్యాలయపు వకీలు అప్పటికే చేయెత్తి ఘోషించుచుండెను: "ఈమెకు మా కార్యాలయం ఏనాడూ పని చెప్పలేదు! ఈమె ఎవరో మేమెరుగము!"

వెనుక నుండి ముకుందం: "గురవమ్మా, ఆడ వద్దు. ఈడ, వకీలు సారు పక్కన పెట్టు. సక్కగా పెట్టు."

న్యాయమూర్తి తలయెత్తి కట్ట మోయు మనిషిని చూచెను.

"ఎవరమ్మా నువ్వు?" అని న్యాయమూర్తి అడిగెను.

"ఎవరో ఎరగమంటా ఉండాడే ఆయప్ప, ఆ మనిషిని నేనే సామీ."

తీర్పు రాలేదు. వ్యాజ్యము మరల వాయిదా పడినది. వ్యాజ్యములకు వేరే పని తెలియదు. కాని న్యాయమూర్తి ముకుందం వైపు చూచి పలికెను:

"మీ మనిషి కాదన్నారు కదా. ఆ కట్ట మీరే మోసుకుపోండి. వచ్చే వాయిదాకు మీరే మోసుకురండి."

అంతట ఇస్త్రీచొక్కా తడిసి ముద్దకాగా, కట్టను బొజ్జపై ఆన్చుకొని, అడుగు కానరాక ముకుందం మెట్లు దిగుచుండెను. వెనుకనే గురవమ్మ.

"సారూ, మెట్టు సూసి దిగు."

దిక్కులారా, దుందుభులు మ్రోయించుడు! ఉద్యోగము రాలేదు. జీతము పెరగలేదు. గురవమ్మ మాత్రము మూడంతస్తులు ఉత్త చేతులతో దిగినది.