అంజన్న పాడుచేసిన మడి

సౌదీలోని హాయిల్‌లో చలి ఇక తిరిగి రాదని నమ్మకం కుదిరిన మార్చి ఆఖరులో, ఒక పొద్దున అంజన్న పార భుజాన వేసుకుని తోటను పాడుచేయడానికి బయలుదేరాడు. ముప్పై ఏళ్లు మట్టిలో బతికిన మనిషికి అది బొత్తిగా అలవాటు లేని పని.

ఆ తోట వీసా ఇచ్చి పనికి తెచ్చుకున్న యజమాని, కఫీల్ అబూ ఫహద్‌ది. సెలవు రోజుల్లో కుటుంబాలకు అద్దెకిచ్చే విడిది. పనివాళ్లు ఇద్దరే: తోటకు జగిత్యాల అంజన్న, బండికి కడప గౌస్ మొహిద్దీన్. పరాయి పనివాళ్ల మీద సర్కారు వేసే లెవీ పెరిగిందనీ, ఇంతమంది సౌదీలను పనిలో చూపాలనే నితాఖత్ లెక్క కుదరడం లేదనీ, నవంబరులో ఇకామా పర్మిట్ల గడువు అయిపోగానే ఒకరికి ఎగ్జిట్ కొట్టించి ఇంటికి పంపేస్తాననీ కఫీల్ చెప్పేశాడు. గౌస్‌కు ఉండాలని ఉంది. కూతురు నౌషీన్ నర్సింగు చదువు సగంలో ఉంది. అంజన్నకు పోవాలని ఉంది. భార్య ముత్యవ్వను చూసి నాలుగేళ్లు. ఫోనులో ఆమె గొంతు విన్నంతసేపూ ఇంట్లోనే ఉన్నట్టుంటుంది, పెట్టేశాక ఆ పూట అన్నం సహించదు. నన్నే పంపండని బతిమాలితే, తోట ఎవరు చూస్తారని కొట్టిపారేశాడు కఫీల్.

"ఆ తోటే లేకపోతే?" అన్నాడు గౌస్.

అలా పుట్టింది పథకం. గేటు పక్క మడిలో కఫీల్ పూల మొక్కలు పెట్టమన్నాడు. అంజన్న అక్కడ ముత్యవ్వ కూరకని పంపిన ఎర్ర గోగు గింజలు చల్లాడు.

"పూలు పెట్టుమంటే కూరాకు పెట్టిండని ఒళ్లు మండుతది. నీళ్లు గూడ పొయ్య. ఎండిపోతది. ఇగ నన్నెందుకు ఉంచుకుంటడు?"

వారం తిరిగేసరికి మొలకలు వచ్చాయి. మధ్యాహ్నం ఎండకు తలలు వాల్చాయి. మర్నాడు తెల్లవారుతూనే అంజన్న బకెట్టుతో గౌస్‌కు దొరికిపోయాడు.

"ఏం చేస్తాండావు అంజన్నా?"

"మా ముత్యవ్వ కొంగున కట్టి దాచిన గింజలు భాయ్. ఎండుతుంటే సూడబుద్ధైతలేదు."

"ఇట్లయితే నువ్వు ఇంటికి పోయినట్టే. నేను చూసుకుంటాలే."

గౌస్ చూసుకున్నాడు. ఎరిగినవాళ్ల మేకల దొడ్డి నుంచి బండెడు పెంట తెచ్చి మడిలో గుమ్మరించాడు. వాసనకు విడిదికి వచ్చినవాళ్లు వచ్చినట్టే ముక్కులు మూసుకుని వెనక్కి పోయారు. అంజన్న రెండు రోజులు ఓర్చుకున్నాడు. మూడోనాడు చేతులు ఊరుకోలేదు.

"అంత మంచి ఎరువు ఊకె పడి ఉంటే ఎట్ల భాయ్," అంటూ దాన్ని మట్టిలో కలిపేశాడు.

మే నెలాఖరుకు గోగు నడుమెత్తు లేచింది. గౌస్ తల పట్టుకున్నాడు.

వాసన సంగతి ఆలస్యంగా చెవినపడి, అబూ ఫహద్ మండిపడుతూ వచ్చాడు. వెంట ముసలితల్లి. పూల మడిలో కూరాకు చూసి కేకలు మొదలుపెట్టాడు. అంజన్న తలవంచుకుని నిలబడ్డాడు. లోలోపల పెట్టె సర్దుకుంటున్నాడు. మనవరాలికి బొమ్మ ఏది కొనాలో కూడా అనుకున్నాడు.

అంతలో ముసలమ్మ ఒక ఆకు తెంపి నమిలింది. ఎర్రటి కాండం తడిమింది. "కర్కదే," అంటూ కొడుకు నోరు మూయించి, గబగబా ఏదో చెప్పింది.

"ఏమంటది భాయ్?" అని పక్కనున్న గౌస్‌ను అడిగాడు అంజన్న.

"బీపీకని ఆమె రోజూ తాగే ఎర్ర కషాయం ఈ చెట్టు కాయలదేనంట," అన్నాడు గౌస్ నీరసంగా. "అంగట్లో ఎండువి కొంటాంటారంట. ఇంట్లో పండించినోణ్ని వదలొద్దంటాంది."

నవంబరులో కఫీల్ తేల్చేశాడు. మేనల్లుడి పేరు డ్రైవరుగా రాయిస్తే నితాఖత్ లెక్క కుదురుతుంది. అంజన్న ఇకామా మరో ఏడాదికి. మడి రెండింతలు చేయాలి.

గౌస్ పెట్టెకు తాడు కడుతుంటే అంజన్న పక్కన కూర్చున్నాడు. ఇద్దరికీ ఏడుపు ఆగలేదు.

"నాకు రావాల్సిన ఎగ్జిట్ నీకొచ్చింది భాయ్."

"నాకు రావాల్సిన ఇకామా నీకొచ్చింది అంజన్నా."

పండిన గోగు కాయల నుంచి తీసిన గింజలను అంజన్న చిన్న మూట కట్టి, ముత్యవ్వకు పోస్టులో పంపమని గౌస్ చేతిలో పెట్టాడు.

ఏడాది తిరగకుండానే ఆమె గింజలకు ఎగ్జిట్ దొరికింది.