మైల్డ్ పీపాలో పాత సరుకు

ఆ ఫిబ్రవరి ఉదయం ఐజయా బ్లూమర్‌ను పూడ్చాలి. ఇంగ్లండులోని క్రాడ్లీ హీత్‌లో గొలుసులు కొట్టే కొలిమివాళ్లకు ఒక రివాజుంది: శవపేటిక మోసేవాళ్లు ముందు చనిపోయినవాడి పేర పబ్బులో మైల్డ్ తాగి, ఆ తర్వాతే భుజం పెడతారు.

పబ్బు యజమాని హోరేస్ టిమ్మిన్స్ పొద్దున్నే లాభనష్టాలు బేరీజు వేసుకున్నాడు. మైల్డ్ నల్లగా, కాస్త తియ్యగా ఉండే సాధు బీరు. కొలిమి దగ్గర కారిన చెమటను తిరిగి నింపడమే దాని పని. ఎన్ని గ్లాసులు తాగినా మనిషి తిన్నగా ఇల్లు చేరతాడు. కానీ పీపా తెరిస్తే త్వరగా పులుస్తుంది. తాగే ముసలివాళ్లు ఒక్కొక్కరే పోతున్నారు. ఈసారి పీపా మిగిలితే ఇక మైల్డ్ పంపేది లేదని బీరు కంపెనీ తేల్చి చెప్పింది. మైల్డ్ ఆగితే ఆ కొద్దిమందీ రారు. వాళ్లు రాకపోతే పబ్బు మూతే.

నేలమాళిగలో పీపా సగానికి సగం ఉంది, పులుపు తిరిగింది. పక్కనే క్రిస్మస్‌కు తెప్పించినా అమ్ముడుపోని, ఇట్టే తలకెక్కే ఘాటు బీరు. అదీ నలుపే, ఇంకా తీపి.

"ఏం చేస్తున్నావయ్యా?" అంది భార్య ఎడిత్.

"రెండు నష్టాలు కలిపితే ఒక లాభం. నలుపులో నలుపు ఎవడికి కనబడుతుందే?"

మోసేవాళ్లొచ్చారు. వాళ్ల పెద్ద సైలస్ మొదటి గుక్కకే మీసం తుడుచుకున్నాడు.

"ఒరే హోరేస్, ఇవాళ బీరు అదిరిందిరా! ఐజయాగాడు తొందరపడి పోయాడు."

"చాలు సైలస్ బాబాయ్, పాస్టరుగారు ఎదురుచూస్తుంటారు."

"మైల్డేగా, ఏం చేస్తుంది? ఇంకోటి పొయ్యి."

మైల్డ్ తాగేవాడు తలను అడగడు, గ్లాసులే లెక్కపెడతాడు. వాళ్లు రోజూ తాగే లెక్కే తాగారు.

ఐజయా ఇంటి నుంచి పేటిక బాగానే కదిలింది. మూలమలుపులో మోసేవాళ్ల తలలు చర్చి వైపు, కాళ్లు అలవాటు కొద్దీ పబ్బు వైపు తిరిగాయి. కాళ్లే గెలిచాయి. చివరిసారి పబ్బు చూపిస్తున్నారు కాబోలని ఐజయా భార్య బ్యూలా ఏడుస్తూ వెనకే నడిచింది. పూడ్చాక పెట్టే విందు మొదలైందనుకుని ఊరంతా లోపలికి దూరింది. గుంట దగ్గర వానలో తడిసిన పాస్టరు, తనను కాదని శవాన్ని వేరే క్రైస్తవ శాఖవాళ్లైన మెథడిస్టుల దగ్గరికి తీసుకుపోయారనుకుని వాళ్ల ప్రార్థన మందిరం మీదికి తగవుకు పోయాడు.

పేటికను బల్లమీద దించి, మోసేవాళ్లు బెంచీల మీద ఒరిగి గురకపెట్టారు.

"సైలస్ అన్నా, లే! మా ఆయన్ని ఎవరు పూడుస్తారు?" అని బ్యూలా అతని భుజం పట్టి కుదిపింది.

"పొయ్యి," అన్నాడు సైలస్, కళ్లు తెరవకుండా.

అప్పుడే కంపెనీ మనిషి వచ్చాడు. కిటకిటలాడే పబ్బు, ఖాళీ పీపా చూసి, "హోరేస్‌గారూ, మైల్డ్ మీద మేమే తప్పు లెక్క వేశాం. ఇకనుంచి రెట్టింపు పంపిస్తాం," అని చెయ్యి కలిపాడు.

చీకటిపడే వేళకు బ్యూలా, ఆమె చెల్లెళ్లే పేటికను మోశారు. అవీ గొలుసులు కొట్టిన భుజాలే. గుంటలో నీళ్లు నిలిచాయి. ఐజయాను అందులోకే దించారు.

వారం తిరక్కుండా అసలైన మైల్డ్ వచ్చింది, తాజాగా, రెండు పీపాలు. సైలస్ ఒక గుక్క తాగి గ్లాసు దించాడు.

"నీళ్లు కలిపావా? చచ్చినవాడికి మంచిది పోసి బతికున్నవాళ్లకు ఇదా? థూ!"

నిజం చెబితే శవయాత్ర పాడుచేసినవాడవుతాడు. చెప్పకపోతే నీళ్లు కలిపినవాడు. హోరేస్ నీళ్ల నిందే ఎంచుకున్నాడు. వాళ్లంతా లేచి ఎదుటి పబ్బుకు పోయారు, మళ్లీ రాలేదు.

మూసిన తలుపుల వెనక ఆ రెండు పీపాలనూ హోరేసే తాగాడు. ఎంత తాగినా ఎక్కలేదు.