పొగ రాని పొయ్యి ప్రతిష్ఠ

అమెరికాలోని నోవైలోనూ ఆ చుట్టుపక్కల ఊళ్ళలోనూ కాపురముంటున్న తెలుగు కుటుంబాల వారికి తెలియజేయడమేమనగా, 1984 జనవరి పదిహేనో తారీఖు ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకు శ్రీ సుందర్ రాజ్ గారి స్వగృహమునందు పొయ్యి ప్రతిష్ఠ జరుగును. ప్రార్థన, పొయ్యిని గూర్చి ప్రసంగం, పొగగొట్టం సందర్శన, పిమ్మట భోజనం. అందరూ కుటుంబ సమేతంగా రావలెను. స్వెట్టర్లు తెచ్చుకొనవలెను.

ఈ కబురు ఫోను మీద పద్నాలుగు ఇళ్ళకు చేరింది. పొయ్యి ఉన్న ఇంటికి స్వెట్టర్లెందుకని ఒక్కరూ అడగలేదు. పొయ్యికి ప్రతిష్ఠ ఏమిటని కూడా అడగలేదు. అడగరు. కారు కొంటే ప్రార్థన పెట్టుకున్నాం, బట్టలుతికే మిషను కొంటే పెట్టుకున్నాం, సామ్యూల్ గారు కలర్ టీవీ కొన్నప్పుడు రెండు కీర్తనలు ఎక్కువే పాడాం.

సుందర్ రాజ్ కార్ల కంపెనీలో ఇంజినీరు. కార్ల కింద పొగ మింగే డబ్బా ఒకటుంటుంది, క్యాటలిటిక్ కన్వర్టర్ అంటారు. దాన్ని కనిపెట్టుకుని ఉండడమే ఆయన ఉద్యోగం. ఆ డబ్బాకి చెల్లెలు ఒకతె కట్టెల పొయ్యిలోకి కూడా వచ్చిందని తెలిసిన నాడు ఆయనకి అన్నం సయించలేదు. వారం తిరక్కుండా పొయ్యి ఇంటికొచ్చింది. నల్లటి ఇనుము, దున్నపోతంత బరువు. నలుగురు దింపారు, అయిదో ఆయన జాగ్రత్త జాగ్రత్త అన్నాడు. అయిదో ఆయనే సుందర్ రాజ్.

పొయ్యి లోపల పైభాగాన తేనెపట్టులాంటి మట్టిబిళ్ళ ఉంటుంది. దానికి ప్లాటినం పూత. నవోమి మెళ్ళో లేని లోహం పొయ్యి నోట్లో ఉందన్నమాట. నవోమి అంటే ఆయన భార్య. పక్కనొక మీట. మీట లాగితే పొగ తిన్నగా గొట్టంలోంచి పైకి పోతుంది. పొయ్యి బాగా కాలాక మీట తోస్తే పొగ తేనెపట్టులోంచి పోతుంది, అక్కడే కాలిపోయి, అదీ వేడి కిందే మారుతుంది. బయటికి ఏమీ రాదు. అయితే అందుకు కట్టెలు ఎండినవై ఉండాలి, మంట నిలబడాలి, మనిషి ఓపిక పట్టాలి. సుందర్ రాజ్ దగ్గర ఈ మూడూ లేవు. నలభై రెండు పేజీల మాన్యువల్ ఉంది.

పొద్దునా సాయంత్రం ఆయన మంచులోకి వెళ్ళి, మెడ వెనక్కి వాల్చి, గొట్టం వైపు చూసి, వచ్చి నోటుపుస్తకంలో రాసేవాడు: పొగ లేదు. పొయ్యి వెలిగించని రోజుల్లో ఫలితం ఇంకా బాగుండేది. అదీ పుస్తకంలోకి ఎక్కేది.

శనివారం పొయ్యికి వైద్యపరీక్ష. దానికి పొయ్యి చల్లారాలి గనక శుక్రవారం నుంచే కట్టె వేసేవాడు కాదు. తేనెపట్టు తీసి మెత్తటి బ్రష్షుతో దులపాలని మాన్యువల్ చెప్పింది. ఇంట్లో అంత మెత్తటి బ్రష్షు ఒక్కటే ఉంది, చంటిబిడ్డ తల దువ్వేది. అది పొయ్యి ఖాతాలోకి పోయింది. తలుపు సందులో డాలరు నోటు పెట్టి మూసి లాగాలి, ఊడొస్తే తలుపు వదులన్నమాట. సుందర్ రాజ్ లాగుతుంటే నోటు చిరిగింది. తలుపు బ్రహ్మాండంగా ఉందని రాసుకున్నాడు. ఇన్ని పరీక్షల మధ్య పాపం మంటకి మండే తీరిక దొరకలేదు.

ఇంట్లో గ్యాసు హీటరు లేకపోలేదు. పొయ్యి సత్తా తేలాలంటే హీటరు అడ్డం రాకూడదని దాన్ని యాభై అయిదు ఫారెన్‌హీట్ దగ్గర, అంటే మన పదమూడు డిగ్రీల దగ్గర ఉంచి, హీటరు మీట మీద ప్లాస్టిక్ డబ్బా బిగించి తాళం వేశాడు. ఆ యాభై అయిదైనా నీళ్ళ గొట్టాలు గడ్డకట్టకుండా చూడ్డానికి. గొట్టాల ఆరోగ్యం విషయంలో ఆయన చాలా పట్టింపు మనిషి.

గొట్టాలు కాక ఆ ఇంట్లో ఇంకా ముగ్గురుండేవారు. నెల నిండని మగబిడ్డ. రెండు స్వెట్టర్లూ మొగుడి ఓవర్‌కోటూ వేసుకున్న బాలింత నవోమి. ఆమె తండ్రి ఏసోబు.

నవోమికి తల్లి లేదు. పురుటికి తండ్రే వచ్చాడు, సంచీలో కాయం, శొంఠి, పాత చీరల మెత్తటి గుడ్డలూ పెట్టుకుని. దేవరపల్లిలో పొగాకు పండబెట్టే బ్యారన్ కొట్ల దగ్గర ముప్పై ఒక్క ఏళ్ళు మంట కాచిన మనిషి. ఆకు పండాలంటే ఆరు పగళ్ళూ ఆరు రాత్రులూ మెట్టు మెట్టుగా వేడి ఎక్కించాలి. ఒక్క మెట్టు జారితే ఆకు మాడిందో మచ్చపడిందో, కామందు కొంప మునిగిందన్నమాటే. ఏసోబు మంట రంగు చూసి డిగ్రీ చెప్పేవాడు. కామందులు తరవాత థర్మామీటరు చూసి, థర్మామీటరు కరెక్టుగానే ఉందని సంతోషించేవారు.

ఇంతటి వాణ్ణి తెచ్చి పొయ్యికి ఆరడుగుల దూరాన కుర్చీ వేసి కూర్చోబెట్టారు.

"మామయ్యగారూ, ఇది క్యాటలిటిక్. మీరు టచ్ చేయకండి. మీ పల్లెటూరి పొయ్యి లాంటిది కాదు."

"సరే బాబూ."

నవంబరు నుంచి ఆ ఇంట్లో ఆయన మాట్లాడిన మాటల్లో సగం ఈ రెండే. అల్లుడి ఇంట్లో మామగారి నోరు ఎంత చిన్నదైతే అంత మర్యాద. కట్టెలు పచ్చివని ఆయనకి మొదటి రోజే తెలుసు. ఎదురింటి వాళ్ళు కొట్టించిన చెట్టుని సుందర్ రాజ్ ఆ సాయంత్రమే తెచ్చి పొయ్యిలో పెట్టాడు. కట్టె కాలడం మానేసి చివర్న నురగ కక్కింది. ఆ నురగ మీద కూడా పుస్తకంలో ఒక పేజీ రాశాడు.

ప్రతిష్ఠకి మూడు రోజుల ముందు నవోమి నోరు విప్పింది.

"ఏవండీ, బాబుకి స్నానం చేయించాలంటే భయమేస్తోంది. హీటర్ పెంచండి."

"పెంచితే స్టవ్ రిజల్ట్స్ ఎలా తెలుస్తాయి నవోమీ?"

"నాకు తెలుస్తూనే ఉన్నాయి. ఇదిగో, నా వేళ్ళు పట్టుకు చూడండి."

"సండే దాకా ఆగు. సండే చూద్దువుగాని."

"ఆదివారం సాయంత్రానికి ఇల్లు వెచ్చబడలేదా, బాబుని తీసుకుని లూసీ ఇంటికి వెళ్ళిపోతాను. మార్చి దాకా రాను. లూసీ రూము కూడా సర్దేసింది. మీరూ మీ స్టవ్వూ సుఖంగా ఉండండి."

కుర్చీలో ఏసోబు ఈ మాట విన్నాడు. గుండెల మీద మనవడు నిద్రపోతున్నాడు. వాడు తల్లి దగ్గర పాలు తాగేవాడు, తండ్రి దగ్గర ఏడ్చేవాడు, నిద్ర మాత్రం తాత దగ్గరే. ఆదివారం తరవాత ఏసోబుకి మిగిలినవి ఇరవై మూడు రోజులు. ఫిబ్రవరి ఏడున విమానం. నవోమి స్నేహితురాలు లూసీ ఇల్లు కారులో ముప్పావుగంట, ఆయనకి కారు రాదు. పిల్లవాడు వెళ్ళిపోతే ఆ ఇరవై మూడు రోజులూ పొయ్యీ, అల్లుడూ, తనూ. మొదటి ఇద్దరిలో ఎవరు ఎక్కువ చల్లగా ఉంటారో చెప్పడం కష్టం.

మర్నాడు ఆయన గరాజులోకి వెళ్ళి కట్టెకీ కట్టెకీ తాటించి చూశాడు. పచ్చిది మొద్దుగా పలుకుతుంది, ఎండినది కంచులా మోగుతుంది. ఇల్లు అమ్మిన దొర ఎప్పుడో మూల పడేసి పోయిన మేపుల్ కట్టెలు ఓ పద్దెనిమిది కంచులా మోగాయి. వాటిని విడిగా పేర్చి గోనె కప్పాడు. ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు గనక అబద్ధమూ ఆడలేదు.

ఆదివారం వచ్చింది. శుభకార్యానికి వట్టి చేతుల్తో వెళ్ళడం మన ఇంటా వంటా లేదు. గృహప్రవేశానికి గిన్నెలు పట్టుకెళతాం, బారసాలకి బట్టలు. పొయ్యికి ఏం పట్టుకెళ్ళాలి? కట్టెలే. పద్నాలుగు ఇళ్ళ వారికీ ఈ ఆలోచన విడివిడిగా వచ్చింది, అందరూ ఎవరికి వారే మెచ్చుకున్నారు. అమెరికాలో మనవాళ్ళకి కట్టె ఎక్కడ దొరుకుతుంది? ఎక్కడ దొరికితే అక్కడే. జగన్మోహన్ గారు పిల్లలు వాడేసిన నీలం రంగు ఉయ్యాల విరగ్గొట్టారు. భాస్కర్ ఆఫీసు వెనక పడేసిన పెట్టె చెక్కలు తెచ్చాడు, చెదలు పట్టకుండా వాటికి ఆకుపచ్చ మందు తాగించి ఉంది. సామ్యూల్ గారు క్రిస్మస్ చెట్టుని తళుకులతో సహా మోసుకొచ్చారు. జగన్మోహన్ గారి భార్య శశికళ గారు ఉయ్యాల కట్టెల్ని బంగారు కాగితంలో చుట్టి రిబ్బను కట్టారు. "విప్పకండి, అలాగే వేసేయండి. విప్పితే అందం పోతుంది" అన్నారు.

సంఘ పెద్ద ప్రేమానందం గారు చదివింపులు మొదలుపెట్టారు.

"శ్రీ జగన్మోహన్ గారు, శ్రీమతి శశికళ గారు! నీలం ఉయ్యాల కట్టెలు, తొమ్మిది! దేవునికి స్తోత్రం!"

అందరూ చప్పట్లు. పొయ్యి తలుపు తెరిచారు, కట్టెలు వేశారు, దాతలు తమవి అంటుకునే దాకా నిలబడి చూసి కూర్చున్నారు.

రంగు కర్ర, రంగు కాగితం, తళుకులు, మందు పట్టించిన కలప వేస్తే తేనెపట్టు చచ్చిపోతుందని మాన్యువల్ పదకొండో పేజీలో ఉంది. సుందర్ రాజ్‌కి అది కంఠస్థం. జగన్మోహన్ గారి కట్టె కాల్చకపోతే రేపు జగన్మోహన్ గారి గడప ఎలా తొక్కాలన్నది మాత్రం నలభై రెండు పేజీల్లో ఎక్కడా లేదు. కనక అన్నీ వేశాడు. మధ్యలో మీట లాగితే పొగ బయటికి పోయేది. అతిథులకి పొగగొట్టం చూపించాల్సిన రోజున అంత పని ఎలా చేస్తాడు? మీట తోసే ఉంచాడు.

ఏడో చదివింపుకి తేనెపట్టు మూసుకుపోయింది. పైకి దారి లేని పొగ, తలుపు తెరిచినప్పుడల్లా పెళ్ళివారిలాగా హాల్లోకి దిగింది. ఎవరూ దగ్గలేదు, బాగుండదని. అందరి కళ్ళలోనూ నీళ్ళు కారుతుంటే చూసి ప్రేమానందం గారు, ఇంతటి ఆత్మీయమైన కూడిక ఈ రాష్ట్రంలో మునుపు జరగలేదన్నారు.

మర్యాద తెలియని వాడు ఆ ఇంట్లో ఒక్కడే. చంటివాడు దగ్గాడు. నవోమి వాణ్ణి దుప్పట్లో చుట్టింది. "లూసీ, కార్ స్టార్ట్ చేయవే" అంది. తండ్రి వైపు ఒకసారి చూసింది, మొగుడి వైపు చూడలేదు, బయటికి నడిచింది.

సుందర్ రాజ్ సమయస్ఫూర్తి గలవాడు. పొగగొట్టం సందర్శన కార్యక్రమం కొంచెం ముందుకు జరపడమైనదని ప్రకటించాడు. జనం ఒకర్నొకరు తోసుకుంటూ మంచులోకి పరిగెత్తారు. విజ్ఞానం మీద మనవాళ్ళకి అంత ఆసక్తి అంతకు ముందు కనబడలేదు.

అందరూ తలలెత్తారు. గొట్టంలోంచి ఒక్క పోగు పొగ లేదు.

"సోదరీ సోదరులారా! లోపల నిప్పుంది. మీ కళ్ళతో చూశారు. మరి పొగ ఎక్కడ? ఎక్కడ అని అడుగుతున్నాను!"

 అందరి ఊపిరితిత్తుల్లోనూ తలా కాస్తా ఉంది. గ్లౌజులతో కొట్టిన చప్పట్లు పరుపుల మీద దెబ్బల్లా వినబడ్డాయి.

లోపల ఏసోబు ఒక్కడే మిగిలాడు. కిటికీలు తీశాడు. పట్టకారుతో ఉయ్యాల కట్టెలూ ఆకుపచ్చ చెక్కలూ తీసి బూడిద బక్కెట్లో వేసి మంచులో పెట్టాడు. ముప్పై ఒక్క ఏళ్ళ చేత్తో మీట పట్టి లాగాడు. మేపుల్ కట్టెలు తెచ్చి, చంటిబిడ్డని కాళ్ళ మీద పడుకోబెట్టినట్టు సర్ది పడుకోబెట్టాడు. పొయ్యి గుండెల్నిండా ఊపిరి పీల్చింది. మంట లేచింది. హాల్లో పొగంతా వచ్చిన దారి పట్టింది. కిటికీలు మూసేశాడు.

బయట ప్రసంగం మంచి పట్టులో ఉండగా గొట్టం లోంచి పొగ లేచింది.

"సుందర్ రాజ్ గారూ," అన్నారు జగన్మోహన్ గారు, "అది... పొగ కాదు కదా?"

"నో నో. వాటర్ వేపర్."

వాటర్ వేపర్ ఇంకాస్త నల్లబడింది. సుందర్ రాజ్ లోపలికి పరిగెత్తాడు.

"మామయ్యగారూ! మీట ఎవరు లాగారు?"

"నేనే బాబూ."

"టచ్ చేయొద్దన్నానా? క్లోజ్ చేయండి. అందరూ చూస్తున్నారు!"

ఏసోబు మీట మీద చెయ్యి వేశాడు.

"మూసేస్తాను బాబూ. మూస్తే పొగ ఇంట్లోకొస్తుంది, బిడ్డ కారెక్కి పోతాడు. తెరిస్తే పొగ బయటికి పోతుంది, బిడ్డ ఇంట్లోకొస్తాడు. రెండిట్లో ఏది బయటుండాలో చెప్పండి. జన్మంతా కామందులు చెప్పిందే చేశాను. మీరూ చెప్పండి."

రెండు నెలల్లో ఆయన ఇంత మాట్లాడింది అదే. సుందర్ రాజ్ కిటికీలోంచి చూశాడు. ఒక పక్క లూసీ కారు వెనక్కి తిరుగుతోంది. ఇంకో పక్క పద్నాలుగు కుటుంబాలు తలలెత్తి నిలబడి ఉన్నాయి. ఆయన చూపు కారు మీద ఒకసారి పడింది, జనం మీద మూడుసార్లు. 

అంతలో ప్రేమానందం గారు లోపలికొచ్చారు. గుమ్మంలోనే ఆగి, కోటు బొత్తాలు విప్పారు. స్వెట్టరు విప్పారు. పొయ్యికి వీపు పెట్టి నిలబడి కళ్ళు మూసుకున్నారు. కళ్ళు తెరిచేసరికి ఆయనకి వెలుగు దొరికింది.

"బ్రదర్, తప్పు పొయ్యిది కాదు. అదే పనిగా పైకి చూడ్డంలో ఉంది. అందర్నీ లోపలికి పిలవండి."

అందరూ వచ్చారు. ఇకమీదట ఎవరూ పొగగొట్టం వైపు చూడరాదనీ, ఈ పొయ్యి పొగ రానిదేనని ఈ సభ రూఢి చేస్తోందనీ ప్రేమానందం గారు తీర్మానం పెట్టారు. ఒప్పుకున్నవారు చేతులెత్తమన్నారు. జనం చేతులు పొయ్యి వైపు చాపారు. ఏకగ్రీవమని రాసుకున్నారు.

సుందర్ రాజ్ తనే మంచులో పడుతూ లేస్తూ వెళ్ళి కారు ఆపాడు. నవోమి గుమ్మంలో నిలబడింది. మొగుడి ఓవర్‌కోటు విప్పి మొగుడికే ఇచ్చింది. "నాన్నా, వీణ్ణి పట్టుకో" అంది.

"సరే అమ్మా."

ఇరవై మూడు రోజులూ పిల్లవాడు తాత గుండెల మీదే నిద్రపోయాడు. సుందర్ రాజ్ తరవాతి కూడికలో పొయ్యి గురించి సాక్ష్యం చెప్పాడు. సాక్ష్యం చాలా బాగుందన్నారు. తేనెపట్టు వల్లే ఇల్లు వెచ్చబడిందన్నాడు. ఏసోబు కాదనలేదు. ఆ ఏడు చలికాలం వెళ్ళేలోగా పదకొండు ఇళ్ళవారు అదే పొయ్యి కొన్నారు, పదకొండు మీటలూ లాగే ఉంచారు. మీ గొట్టంలోంచి పొగొస్తోందండీ అని ఎదురింటి అమెరికా ఆవిడ మర్యాదగా చెప్పబోతే, కొత్తవాళ్ళకి మొదట్లో అలాగే కనబడుతుందని సుందర్ రాజ్ ఓపిగ్గా నచ్చజెప్పాడు.

మీరెప్పుడైనా చలికాలంలో అటు వెళితే మనవాళ్ళ ఇళ్ళు పోల్చుకోవడం తేలిక. పైన నల్లటి పొగ, కింద చెప్పుల వంక చూసుకుంటూ నడిచే మనుషులు. మీరూ అలాగే తలవంచుకుని లోపలికి వెళ్ళి, పొయ్యి బాగుందని చెప్పి రండి. తల ఎలా వంచుకోవాలో ఇక్కడ రాయనక్కర్లేదు. అది మనకి మాన్యువల్ చూసి నేర్చుకోవలసిన పని కాదు.