దవడ పన్ను మీద సెలవు

మా ఆఫీసులో మనసు బాగోలేనివాళ్ళు ఒక్కరూ లేరని యాజమాన్యం సగర్వంగా ప్రకటించింది. ఉన్నవన్నీ నోటి సమస్యలేనట.

మాది వాషింగ్ మెషీన్ల కంపెనీలో ఫిర్యాదుల విభాగం. పొద్దస్తమానం ఫోన్లో జనం చేత తిట్లు తినడం ఉద్యోగం. తిట్టినవాళ్ళకి ధన్యవాదాలు చెప్పడం అదనపు బాధ్యత. ఇంత ఉల్లాసకరమైన వాతావరణంలో కూడా కిటికీ పక్క సీట్లో కూర్చునే, మేమంతా వదినా అని పిలిచే ఆవిడకి నిద్ర పట్టడం మానేసింది. ఫోన్ మోగితే ఉలిక్కిపడుతోంది. బాత్‌రూమ్‌లో కుళాయి తిప్పి ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చి, "మీకు ఏ విధంగా సహాయపడగలను?" అంటోంది. నెల్లాళ్ళు సెలవు దొరక్కపోతే మనిషి దక్కేలా లేదు.

సెలవు చీటీలో "మనసు బాగోలేదు" అని రాసింది. మేనేజర్ గారు జాలిపడి, "అది జబ్బు కాదమ్మా, తీరిక" అని తిప్పి పంపారు.

ఇంట్లో వదిన అత్తగారు ఇంకా జాలిపడ్డారు. "మనసని రాస్తావా పిచ్చిదానా! నలుగురూ ఏమనుకుంటారు? పన్నని రాయాల్సింది. పళ్ళంటే అందరికీ ఉంటాయి."

సరిగ్గా ఆ వారమే మేనేజర్ గారి కంట ఒక వార్త పడింది. నోట్లోని బ్యాక్టీరియాకి మెదడుతో, దిగులుతో సంబంధం ఉండొచ్చని పరిశోధకులు అంటున్నారట. "ఉండొచ్చు" అన్న మాటను ఆయన అనవసరపు ఖర్చు కింద కొట్టేశారు. వెంటనే మీటింగ్ పెట్టారు.

"మిత్రులారా! మీ దిగులుకి పనిభారమే కారణమని కొందరు దుష్ప్రచారం చేశారు. అసలు దోషులు మీ చిగుళ్ళలో దాక్కున్నారు! మీ నోరు మీ సొంత ఆస్తి. అందులో జరిగేవాటికి కంపెనీ బాధ్యత వహించదు!"

చప్పట్లు కొట్టాం. కొట్టని చేతులు కెమెరాలో బాగా కనిపిస్తాయి.

మీటింగ్ హాల్లో పళ్ళ డాక్టర్‌కి కుర్చీ వేశారు. పన్ను పీకించుకున్నవారికి నెల్లాళ్ళు సెలవని నిబంధన వచ్చింది. వదిన కూర్చోగానే డాక్టర్ "ఏంటమ్మా మీ బాధ?" అని అడిగి, ఆమె చెప్పేలోగా నోట్లో అద్దం పెట్టేశారు. వదిన "ఆ... ఆ..." అంది. ఆమె బాధేమిటో ఆఫీసులో ఒకరు అడగడం అదే మొదలు గనక ఫోటో తీశాం.

ఫలితం దారుణం. ముత్యాల్లాంటి పళ్ళు, మచ్చలేని చిగుళ్ళు. ఆమె పరమానందంగా ఉన్నట్టు ధ్రువీకరించి ఫోన్ల దగ్గరికి తోలేశారు. దిగులంటే ఏమిటో ఎరగని పక్క విభాగం బండోడు మాత్రం పుచ్చుపళ్ళ పుణ్యాన సెలవు కొట్టేసి కొండలెక్కడానికి వెళ్ళాడు.

మేమంతా రంగంలోకి దిగాం.

"వదినా, బ్రష్ ముట్టుకుంటే ఒట్టు!"

"పడుకునేముందు చాక్లెట్ బుగ్గన పెట్టుకో!"

సంఘీభావంగా మేమూ పళ్ళు తోమడం మానేశాం. లిఫ్టులో పలకరింపులు ఆగిపోయాయి. కానీ పాడు నోరు, ఎంత బతిమాలినా పాడవలేదు.

ఒక మధ్యాహ్నం ఎవరో పెద్దమనిషి తన మెషీన్‌లో నీళ్ళు దిగడం లేదని వదిన వంశాన్నంతా తిట్టిపోశాడు. ఆమె హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టి, నేరుగా హాల్లోకి వెళ్ళి కుర్చీలో కూర్చుంది.

"పీకండి."

"ఏది? అన్నీ బంగారంలా ఉన్నాయిగా!"

"మీకు ఏది అందితే అది."

రాయిలాంటి దవడ పన్ను. పీకేసరికి డాక్టర్‌కి చెమటలు పట్టాయి. దాన్ని అద్దాలపెట్టెలో పెట్టి, కింద "దిగులుకి మూలం" అని రాసి, మేనేజర్ గారే స్వయంగా రిబ్బన్ కత్తిరించారు.

వదిన ఇంటికెళ్ళి నెల్లాళ్ళూ నిద్రపోయింది. ఏడ్చినన్నాళ్ళూ అటు తొంగిచూడని చుట్టాలు "అయ్యో, పన్ను పోయిందటగా!" అని పరామర్శకి బారులు తీరారు. ఆమె తేరుకుని వచ్చింది. దాంతో సిద్ధాంతం రుజువైపోయింది. ఇప్పుడు మంచి పళ్ళున్నవాళ్ళమంతా హాలు ముందు వరసలో నిలబడి ఉన్నాం.

మీకు నవ్వొస్తోంది కదూ? నవ్వండి, నోరు బాగా తెరిచి మరీ నవ్వండి. ఖాళీలు లెక్కపెట్టి, మీరు ఇంతవరకూ ఎన్ని సెలవులు వాడుకున్నారో చూస్తాం.