మిద్దె మీద కాఫీ సర్వీసు

యతిరాజులు మీద వకుళాదేవికి ఉన్న ఫిర్యాదు చిన్నదే. ఆయన అందరితోనూ మాట్లాడతాడు. పలమనేరులో మబ్బు పట్టిందా, సత్యవేడులో సిగ్నల్ ఎట్లా ఉందని ఇంట్లో పెట్టుకున్న హామ్ రేడియోలో గంటలకొద్దీ ఆరా తీస్తాడు. కట్టుకున్నదానితో మాత్రం "ఊ" అంటాడు. పెళ్ళయిన కొత్తలో సాయంత్రాలు ఇద్దరూ మిద్దె మీద కాఫీ తాగుతూ, శ్రీహరికోట దిక్కున రాకెట్ లేస్తుందేమోనని చూస్తూ కూర్చునేవారు. ఇప్పుడు ఆమె కుర్చీ ఉండే చోట యాంటెనా నిలబడింది. వానొస్తే ఆయన ముందు దానికే పట్టా కప్పుతాడు.

సరదాకి లైసెన్సు తీసుకుని ఊరూరి నుంచి మాట్లాడుకునే ఆ హామ్ రేడియో మిత్రులు ఇంటర్నెట్‌తో పని లేకుండా తమ కంప్యూటర్లను రేడియోతోనే కలుపుకున్నారు. ఒకరు వాన వివరాలు పంచుతారు, ఇంకొకరు చెరువుగట్టు మీది కెమెరా. ఇట్లా పంచేదాన్ని సర్వీసు అంటారు; పేరు రాసి ప్రకటిస్తే అందరి జాబితాలోనూ కనబడుతుంది. యతిరాజులు టెంపుల్ ఆఫీసు నుంచి వచ్చి, చెప్పులైనా విప్పకుండా ఆ జాబితా చూస్తాడు.

బుధవారం పొద్దున ఆయన ఆఫీసుకు వెళ్ళగానే వకుళాదేవి కంప్యూటర్ ముందు కూర్చుంది. లైసెన్సు లేనిదే మైకు ముట్టగూడదని ఆయన వందసార్లు చెప్పాడు. కీబోర్డు ఊసు ఎన్నడూ ఎత్తలేదు. "మిద్దె మీద కాఫీ, సాయంత్రం ఐదింటికి" అని జాబితాలో చేర్చింది. ఇంట్లో రాసింది ఇంట్లోనే ఉంటుందనుకుంది.

పదింటికి మూలనున్న రేడియో గొంతు విప్పింది.

"వెంకటరమణా, సూసినావాప్పా? యతిరాజులు సామీ ఇంట్లో కాఫీ సర్వీసంట!" చిత్తూరు మునిప్రసాద్ గొంతు.

"సూసినా సూసినా. పలమనేరు నుంచి ఇప్పుడే బయల్దేరతా ఉండా."

వకుళాదేవి మైకు వైపు చూసింది. వద్దని చెబుదామంటే లైసెన్సు లేదు. భర్తకు మూడుసార్లు ఫోన్ చేసింది. రేడియోలో ఒక్క పిలుపుకే పలికే మనిషి మూడు ఫోన్లకీ పలకలేదు. ఇక లాభం లేదని రాసినదంతా తుడిచేసింది.

అదే కొంప ముంచింది.

"అబ్బా, సామీ సర్వీసు పడిపోయినట్టుండాదే!"

"నువ్వేం కంగారు పడొద్దు. ఈడ నుంచి నేను పెడతా."

ఒకరి సర్వీసు పడిపోతే ఇంకొకరు నిలబెట్టడం వాళ్ళకు ధర్మం. పావుగంటలో అదే కాఫీ రెండు ఊళ్ళ నుంచి ప్రకటన అయింది. సత్యవేడు మునిరామయ్య దానికి మురుకులు కూడా జతచేశాడు.

ఐదు కొట్టేసరికి మిద్దె మీద పదకొండుమంది. రెండు లీటర్ల పాలు, వారానికని పట్టించిన కాఫీపొడి హారతి కర్పూరమయ్యాయి. అప్పుడే మెట్లెక్కిన యతిరాజులు గుడ్లు తేలేశాడు.

"ఏందప్పా ఇది? ఎవరు పిలిచినారు మిమ్మల్ని?"

"మీ సర్వీసే కద సామీ!"

"నా మిషన్‌లో చెయ్యి పెట్టిందెవరు? మునిప్రసాదూ, ఇది నీ పనే!"

"ఆయన్ననొద్దు. నేనే పెట్టినా," అంది వకుళాదేవి, ఖాళీ డబరా పట్టుకుని. "మీ ఒక్కరి కోసరం."

"ఇంట్లో ఉండేదానివి, నోటితో చెప్తే పోలా?"

"ఆర్నెల్లుగా చెప్తానే ఉండా. ఒక్క సాయంత్రం వచ్చి కూర్చోండని. మీరు ఊ అంటానే ఉండారు."

మిద్దె మీద మురుకులు నమిలే చప్పుడు ఆగిపోయింది. మునిప్రసాద్ గ్లాసు కింద పెట్టాడు.

"దిగండప్పా. ఇది మన సర్వీసు కాదు."

అందరూ మెట్ల వైపు నడిచారు. ఊరి పక్క కొండ మీద వెలుతురు పలచబడుతోంది. యతిరాజులు యాంటెనా పక్కకు కుర్చీ లాగి, భార్యను కూర్చోబెట్టి, తాను గోడకానుకుని నిలబడ్డాడు. కాఫీ చుక్క మిగల్లేదు.

"తప్పు నాదే, వకుళా," అన్నాడు మెల్లగా.

"సరిగా అందలేదు. ఇంకోసారి చెప్పండి," అంది ఆమె, ఆయన రేడియోలో అనేట్టే.

ఆయన గొంతు పెంచి మళ్ళీ చెప్పాడు. మెట్ల మీద ఆగిన పదకొండుమందికీ స్పష్టంగా అందింది.