బుల్లియ్య షెడ్డులో నీలి మంట

తాత బుల్లియ్య సంవత్సరీకం రోజు పొద్దున్న పావని వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇంటిల్లిపాదీ పెరట్లో పంతులుగారి చుట్టూ ఉంటారు. తను తలనొప్పని చెప్పి, వెనకనున్న రేకుల షెడ్డులో దూరి, చేపలు పోసే స్టీలు ట్రేకి మిగిలిన ఒక్క అతుకూ వేసేస్తుంది. భోజనాల వేళకి దాన్ని పెదనాన్న జానకిరామ్ ముందు పెట్టి, ఈ షెడ్డు నా వెల్డింగు పనికి ఇవ్వండి అని అడుగుతుంది. ఇవాళ అడగకపోతే ఇక అడిగే పనే లేదు. రొయ్యల మేత గోడౌనుకి షెడ్డు ఇస్తానని పెదనాన్న ఒక డీలరుకు మాటిచ్చాడు, మధ్యాహ్నం తాళం చేతిలో పెట్టడమే తరువాయి. పావని తండ్రి సురేంద్ర అన్నగారికి ఎదురుచెప్పే మనిషి కాడు.

రాజమండ్రిలో టిగ్ వెల్డింగు నేర్చుకొచ్చింది కానీ, మంట పుట్టించే టార్చి ఇంకా ఆమె చేతికి లొంగలేదు. పైగా ఆ షెడ్డులో ఒంటరిగా ఉండటం ఆమెకు భయం. తాత చివరి రోజుల్లో వలలు బాగుచేసుకుంటూ, ఆయాసంతో రొప్పుతూ గడిపింది అక్కడే, పోయిందీ అక్కడే. వలల వాసన ఇంకా వదల్లేదు.

నల్లటి వెల్డింగు ముసుగు మొహం మీదకి దించుకుని టార్చి స్విచ్చి నొక్కింది. చిటపటమంటూ నీలి మంట లేచింది. అదే క్షణాన పెరట్లో గోలయింది.

"అయ్యో, పిండం మీదకి వాలబోయిన కాకి ఎగిరిపోయింది!"

పావని ఉలిక్కిపడి వేలు తీసేసింది. మంట ఆరింది. కానీ హుస్... మని ఎవరో ఊపిరి వదిలినట్టు చప్పుడు. ఆయాసం! తాత ఆయాసం! టార్చిని బల్ల మీద పడేసి, ట్రేని పక్కకు తోసి, ఆ బల్లనే పట్టుకుని నిలబడింది. కాళ్ళు వణికాయి, వాటితో బల్లా వణికింది. ఎవరూ ముట్టని టార్చి దానంతటదే నీలంగా భగ్గుమంది.

"కాకి మళ్ళీ పోయిందండీ," అంటున్నారు రేకుల అవతల పంతులుగారు. "ఆయనకేదో కోరిక మిగిలిపోయింది. అడిగి చూడండి."

"నాన్నా," పెదనాన్న కేకేశాడు. "షెడ్డులో ఆ వెలుగేంటి నాన్నా? నాకు భయంగా ఉంది. అమ్మని బాగా చూసుకుంటాలే, వచ్చి తిను."

బల్ల వణికింది. మంట భగ్గుమంది. కాకి పోయింది.

"మందు మానేస్తాను నాన్నా!"

మళ్ళీ అంతే. మంట, ఆ తరవాత ఊపిరి. నేను ఇక్కడున్నానని అరుద్దామనుకుంది పావని. అరిస్తే షెడ్డు పోతుంది, అరవకపోతే ప్రాణం పోయేలా ఉంది.

"పేకాట కూడా మానేస్తాను, నీ మీద ఒట్టు!"

ఆ మాట విన్నాక పావనికి ఎక్కడలేని తెగువా వచ్చి, గోడ దగ్గరికి ఒక్క దూకు దూకి ప్లగ్గు పీకేసింది. మిషను ఫ్యాను ఆగింది. ఆ ఊపిరి చప్పుడూ ఆగింది. షెడ్డంతా చీకటి, నిశ్శబ్దం. ఇక కాకి వచ్చి తింటుంది, అందరూ భోజనాలకు లేస్తారు అనుకుంది.

కాకి రాలేదు.

టకటకమని రేకు మీద గోళ్ళ చప్పుడు. కాకి వచ్చి సరిగ్గా ఆమె నెత్తిమీద కూర్చుంది. అటు నడిచింది, ఇటు నడిచింది, దిగలేదు. ఇప్పుడు కరెంటు లేదు, మంట లేదు, మరి దీనికేమొచ్చింది?

"అన్నవరంలో వ్రతం చేయిస్తాను నాన్నా. తమ్ముడితో గొడవపడను నాన్నా."

కాకి కదల్లేదు.

"షెడ్డు మీదే కూర్చుందేంట్రా?" అంది మామ్మ మరిడమ్మ.

"షెడ్డా నాన్నా? సరే, డీలరుకివ్వను."

గోళ్ళు ఒకసారి గీరుకుని ఊరుకున్నాయి.

"మరెవరికిస్తావో చెప్పరా. ఆయనెప్పుడూ సగం మాట విని ఊరుకునే మనిషి కాదు," అంది మామ్మ.

"పావనికి! నీ ముద్దుల మనవరాలికే ఇచ్చేస్తాను నాన్నా, పంతులుగారి సాక్షిగా!"

రెక్కల చప్పుడైంది. పెరట్లో అందరూ ఒక్కసారి "హమ్మయ్య" అన్నారు.

చనిపోయిన చోట తండ్రికి దణ్ణం పెట్టుకుందామని జానకిరామ్ కర్పూరం పళ్ళెంతో షెడ్డు తలుపు తీశాడు. చీకట్లో, మొహం లేని నల్లటి తలకాయ ఒకటి అతని వైపు తిరిగింది. పళ్ళెం ఎగిరి ఎక్కడో పడింది. అతను పెట్టిన కేక విని పంతులుగారు దక్షిణ సంగతి మరిచి గేటు దాకా వెళ్ళొచ్చారు. పావని ముసుగు తీసి, ఏడుస్తూ జరిగిందంతా చెప్పింది.

మామ్మ లైటు పట్టుకుంటే, పావని టార్చి వెనక వేలాడే తోకని తడిమి అప్పుడు చూసుకుంది. తను ఒకటే గొట్టమనుకున్న దాంట్లో కరెంటు కేబులు వేరు, గ్యాసు పైపు వేరు, స్విచ్చికి వెళ్ళే సన్నటి తీగలు వేరు. ఆ తీగల మీదే ట్రే మూల దిగబడి ఉంది. బల్ల కదిలినప్పుడల్లా అది తీగల్ని నొక్కింది, మంట లేచింది. ఆరాక వచ్చిన ఊపిరి, కాలిన టార్చి మొన చల్లారేదాకా మిషను వదిలే గ్యాసు.

జానకిరామ్ మొహంలోకి రంగు తిరిగొచ్చింది. "ఓసి నీ దుంపతెగ! ఇదంతా నీ మిషను పనా? అయితే నా మాటలేవీ చెల్లవు. డీలరు వస్తున్నాడు, తాళం ఇలా తే."

తాళం అందించబోతున్న పావని చెయ్యి మధ్యలో ఆగింది. "కానీ పెదనాన్నా, చివర్లో ప్లగ్గు పీకేసే ఉందండి."

అందరూ నేల మీద పడున్న ప్లగ్గు వైపు చూశారు.

"ఎప్పుడు పీకావు?" చిన్నగా అడిగాడు జానకిరామ్.

"మీరు పేకాట మానేస్తానన్న వెంటనే. ఆ తరవాత కాకి నా నెత్తిమీదే కూర్చుందండి."

రేకు మీద మళ్ళీ గోళ్ళ చప్పుడైతే జానకిరామ్ తల వంచి, తాళం పట్టుకున్న పావని గుప్పిటని తన రెండు చేతులతో మూసేసి, డీలరుకి ఫోను చెయ్యమని తమ్ముడికి చెప్పాడు.

కరెంటు ఉండగా ఇచ్చిన మాటలకు కట్టుబడక్కర్లేదని తేల్చుకుని, సాయంత్రం మాత్రం పేకాటకి వెళ్ళాడు.