ఫైరింగ్ ఆర్డర్

ఆ రోజు పొద్దున జ్ఞానమ్మ పెట్టుకున్న పని ఒక్కటే. వాకిలి అలకాలి. చేనులో పసుపు తవ్వకానికి వచ్చింది, ఆరబోయడానికి చోటు కావాలి. ఇందులో వింతేముంది అంటారేమో. రెండేళ్లుగా ఆ వాకిలి నడిమధ్య ఒక పాత జీపు ఇంజను తిష్ట వేసుకుని ఉంది. దాని మీద కోళ్లు పడుకునేవి, దాని కింద నూనె కారేది. పోయిన ఏడు ఆమె పసుపు రోడ్డు మీద ఆరబోసుకుంటే, కొంత లారీల చక్రాలకు అంటుకుని హైదరాబాదు దారి పట్టింది.

ఇంజనును తెచ్చి కూర్చోబెట్టిన పుణ్యాత్ముడు ఆమె భర్త జీవరాజు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాడు. "నా బతుకంత మిషన్ల నడుమనే గడిచింది" అని కనపడ్డవాళ్లందరికీ చెప్పేవాడు. పూర్తిగా అబద్ధమని అనలేం. ఆయన గేటు దగ్గర చెరుకు బండ్లకు చీటీలు రాసే గదికి ఒక కిటికీ ఉండేది, అందులోంచి చూస్తే మిషన్లు కనపడేవి. ఆ కిటికీ చదువుతోనే ఆయన పోచంపాడు వచ్చి, జీపు ఇంజనును పడవకు బిగించి డ్యాం నీళ్ల మీద రయ్యిన తిప్పుతానని ఊరంతా చాటాడు. చేపలు పట్టే గంగన్న ఒక్కడు నమ్మి తన పడవ ఇచ్చాడు. తెడ్డు వేసి వేసి అతని రెక్కలు పడిపోయాయి, పాపం, ఏం చెప్పినా నమ్మే స్థితిలో ఉన్నాడు.

జ్ఞానమ్మ మాత్రం మోర్తాడ్‌లో పాత ఇనుము కొనే ఆత్మారాంతో బేరం ఖాయం చేసుకుంది. ఇంజను అతనికి ఇస్తే, పసుపు ఉడకబెట్టే పెద్ద కడాయి ఆమెకు వస్తుంది. పోయిన ఏడు ఊళ్లోవాళ్లను బతిమాలి కడాయి తెచ్చుకునేసరికి సగం కొమ్ములు కుళ్లిపోయాయి. ఆ మంట ఆమెకు ఇంకా చల్లారలేదు.

పొద్దున్నే నలుగురు మనుషులు ఇంజనును మోసుకుపోతుంటే ఆమె గడపలో నిలబడి చెప్పింది. "ఇయ్యాల పడవ నడిచిందా, నీ ఇష్టం. నడవలేదా, ఆత్మారాం బండి ఒడ్డు మీదికే వస్తది. ఇంజన్ ఆయనకు, కడాయి నాకు. మళ్ల నా వాకిట్లకు అది రావద్దు."

"నడవకేం జేస్తది. జర టైమింగ్ కలిపితే అయిపాయె," అన్నాడు జీవరాజు.

"రెండేండ్ల సంది గదే టైమింగు," అని ఆమె పేడ కలపడానికి పోయింది.

ఇక్కడ కథ కాసేపు ఆపి మూడు మాటలు చెప్పుకోవాలి. ఇంజనులో నిప్పురవ్వ పడే వేళను టైమింగ్ అంటారు. నాలుగు సిలిండర్లకు ఏ వరుసలో నిప్పు అందాలో అది ఫైరింగ్ ఆర్డర్. ఆ నిప్పును పంచిపెట్టే గుండ్రటి డబ్బా డిస్ట్రిబ్యూటర్. ఈ మూడు ముక్కలు ఆ రోజు తెలియవలసిన వాళ్లకు తెలిసి ఉంటే ఎవరి పని వాళ్లు చేసుకునేవారు.

ఒడ్డున జీవరాజు కళ్లు మూసుకుని ప్రార్థన చేశాడు. గంగన్న కొబ్బరికాయ కొట్టాడు. ఇద్దరి దేవుళ్లకూ చెప్పుకున్నాక హ్యాండిల్ తిప్పారు. ఇంజను ఒకసారి దగ్గి, ఢామ్మని పేలి, ఊరుకుంది. కట్ట మీద మేస్తున్న మేకలు మళ్లీ ఆ పూట కనపడలేదు.

"ఏందన్నా గిట్ల పేలవట్టె," అన్నాడు గంగన్న.

"వైర్లు తారుమారైనట్టున్నయి. ఫైరింగ్ ఆర్డర్ యాదికొస్తలేదు. బోధన్ల మార్కండేయకు ఫోన్ జేస్త, ఆయినకు నోటికే ఉంటది," అని జీవరాజు పోస్టాఫీసుకు నడిచాడు.

అవి ట్రంకాల్ రోజులు. అంటే బోధన్‌లో మెకానిక్ మార్కండేయతో మాట్లాడాలన్నా నడుమ పక్క టౌన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటర్ అనసూయమ్మ చెవిలోంచే పోవాలి. లైను బాగుందో లేదో చూడడం తన డ్యూటీ అని ఆమె ప్రతి ఫోనూ మొదటి నుంచి చివరి దాకా వినేది. పైగా అవి అన్నలు, అంటే నక్సలైట్లు, ఒక పక్క, పోలీసులు ఒక పక్క తిరుగుతున్న రోజులు. తుపాకీ అనే మాటను జనం ఇంట్లో కూడా గొంతు తగ్గించి అనేవారు. జీవరాజుకు గొంతు తగ్గించే అలవాటు లేదు.

"మార్కండేయన్నా, ఫైరింగ్ ఆర్డర్ చెప్పు, జల్ది."

"ఒకటి, మూడు, నాలుగు, రెండు."

"ఇప్పుడు ఒక్కదానికే నిప్పు అందుతున్నది. తక్కినయి సల్లగున్నయి."

"అయితే డిస్ట్రిబ్యూటర్ మెడ పట్టుకొని తిప్పు. మెల్లగ. గట్టిగ తిప్పినవంటే ఖతం."

"టైమింగ్ ముందుకు జరపాల్నా?"

"జరుపు. లేటైతే పేలుతది. ఇంగో మాట, అది ఎటు దిక్కు తిరుగుతదో సూసి..."

"అదంత నాకెర్కనే," అని జీవరాజు ఫోన్ పెట్టేశాడు. ఆయనకు తెలియనిదల్లా అదొక్కటే.

అనసూయమ్మ ఆ లైను తీసేసి ఇంకో ప్లగ్గు అందుకుంది. బాధ్యత తెలిసిన మనిషి కనుక ముందు పోలీస్ స్టేషన్‌కు చెప్పింది. మనసున్న మనిషి కనుక తర్వాత రాజేశ్వర్‌కు చెప్పింది. ఆ టౌన్‌లో డిస్ట్రిబ్యూటర్ అంటే కిరోసిన్ డిస్ట్రిబ్యూటర్ రాజేశ్వర్ ఒక్కడే. స్టాకు లేదని నెలల తరబడి రేషన్ కార్డులవాళ్లను తిప్పి పంపుతున్న ఆ పెద్దమనిషి, తన మెడ సంగతి వినగానే గోదాము తలుపులు బార్లా తెరిచి, "రండ్రి, అందరు రండ్రి, ఎవల కోటా వాళ్లు తీస్కపోండ్రి" అని బజారున పడి పిలిచాడు. ప్రభుత్వం చేయలేని పని ఒక పాత జీపు ఇంజను చేసింది.

స్టేషన్‌లో ఎస్సై బాపురావు ఇంకో మెట్టు పైకి పోయాడు. విన్నది విన్నట్టు వైర్‌లెస్‌లో పై అధికారులకు చెప్పేసి, జీపులో కానిస్టేబుళ్లను కుక్కుకుని పోచంపాడు వైపు దూసుకుపోయాడు. వాళ్లు ఒడ్డుకు వచ్చేసరికి జీవరాజు వైర్లు మార్చడం పూర్తయింది. ఒకటి, మూడు, నాలుగు, రెండు, అన్నీ సరిగ్గానే పెట్టాడు, కాకపోతే ఎడమకు పెట్టవలసినవి కుడికి పెట్టాడు. అదే సమయానికి ఆత్మారాం ఎడ్లబండి కూడా కడాయితో కట్ట దిగుతోంది.

గంగన్న హ్యాండిల్ తిప్పాడు. ఇంజను ఈసారి వరసబెట్టి పేలింది.

కానిస్టేబుళ్లు కొందరు బురదలో బోర్లా పడ్డారు, కొందరు నీళ్లలో దూకారు. ఎడ్లు బండితో సహా ఆత్మారాంను మోర్తాడ్ దాకా ఆగకుండా తీసుకుపోయాయి. బండిలోంచి జారిన కడాయి దొర్లుకుంటూ వచ్చి బాపురావు కాళ్ల దగ్గర బోర్లా పడింది. దూకినవాళ్లు చిమ్మిన నీళ్లు డిస్ట్రిబ్యూటర్‌ను తడిపిన సంగతి ఎవరూ చూడలేదు.

"ఫైరింగ్ ఆర్డర్ ఎవడిచ్చిండు?" అన్నాడు బాపురావు, రివాల్వర్ తీసి.

"మార్కండేయ సారు, బోధన్ల ఉంటడు," అన్నాడు జీవరాజు. "ఎవలడిగినా ఇస్తడు. మంచి మనిషి."

"డిస్ట్రిబ్యూటర్‌ను ఏం జేసిండ్రు?"

"పొద్దుగాలనే సాఫ్ జేసిన సారు. గిప్పుడు మెడ తిప్పి సూస్తున్న."

బాపురావు రివాల్వర్ ఇంకాస్త పైకెత్తాడు. గంగన్న తెలివి తెచ్చుకుని పడవలోని డబ్బాను చూపించి, ఇది డిస్ట్రిబ్యూటర్, ఇవి వైర్లు, ఇది ఆర్డర్ అని మొత్తం విప్పి చెప్పాడు. ఎస్సైకి అర్థమైంది. అర్థం కావడంతోనే అసలు చిక్కు మొదలైంది, ఎందుకంటే వైర్‌లెస్‌లో పోయిన మాటను వెనక్కి తీసుకోవడం ఎలాగో ఏ ట్రైనింగ్‌లోనూ చెప్పలేదు.

"చప్పుడు గీ ఇంజన్‌దే అంటవ్. ఏదీ, మళ్ల చేసి చూపెట్టు."

జీవరాజు హ్యాండిల్ తిప్పాడు. ఇంజను పలకలేదు. గంగన్న తిప్పాడు. పలకలేదు. రెండేళ్లుగా పేలకుండా ఉండాలని ప్రార్థించిన జీవరాజు, ఆ మధ్యాహ్నం ఒక్కసారి పేలు ప్రభువా అని చేతులు జోడించాడు. తడిసిన డిస్ట్రిబ్యూటర్ ఎవరి ప్రార్థనా ఆలకించలేదు.

"చూసినవా, చప్పుడు లేదు," అన్నాడు బాపురావు, ప్రాణం లేచివచ్చినట్టు. "మరి తుపాకీ ఏడ దాచిండ్రు? గింత పెద్ద కడాయి ఎందుకు? ఎంతమంది అన్నలకు వండుతున్నరు?"

"పసుపు ఉడకబెట్టనీకి సారు," అన్నాడు గంగన్న.

"ఏదీ పసుపు?"

"ఇంక చేన్లనే ఉన్నది."

"రాసుకోండ్రి," అన్నాడు బాపురావు హెడ్ కానిస్టేబుల్‌తో. "కడాయి ఉన్నది. పసుపు లేదు."

ఇంజను, కడాయి రెండూ జప్తు అయ్యాయి. ఈ కబురు జ్ఞానమ్మకు అందేసరికి వాకిలి అలకడం అయిపోయి, అద్దంలా ఆరింది. కడాయికి మనసు చివుక్కుమన్నా, ఇంజను పీడ వదిలినందుకు ఆమె సంతోషించింది. పోలీసుల జీపు గుమ్మం ముందు ఆగితే స్వయంగా చాయ పెట్టి ఇచ్చింది.

"తీస్కపోండ్రి సారు, దాన్ని మంచిగ తీస్కపోండ్రి. మళ్ల మా కంట వడకుండ జూడుండ్రి."

"అట్ల గాదమ్మా," అన్నాడు బాపురావు చాయ ఊదుకుంటూ. "స్టేషన్ల జాగ లేదు. సారా కుండలు, దొంగ సైకిళ్లు, అన్ని నిండిపోయినయి. జప్తు మాల్ ఇంటోళ్ల జిమ్మాల పెడుతున్న. ఈడ సంతకం చెయ్యి. కోర్టు చెప్పేదాక ముట్టొద్దు, జరపొద్దు, అమ్మొద్దు. ఏమన్నా అయిందంటే నిన్నే పట్టుకుంట."

ఆమె నోరు తెరిచేలోగా, పొద్దున ఇంజనును తీసుకుపోయిన నలుగురే దాన్ని మోసుకువచ్చి, తడి ఆరిన వాకిలి నడిమధ్య, ఎప్పుడూ ఉండే చోటే దించారు. పక్కన కడాయిని బోర్లించి రెంటికీ లక్కతో ముద్ర వేశారు. పసుపు కోసం బేరమాడుకున్న కడాయి కళ్ల ముందే ఉంది, దాన్ని తాకితే జైలు. జ్ఞానమ్మ అరుగు మీద కూలబడి జీవరాజు వైపు చూసింది.

"నిన్ను కూడ జప్తు జేస్తే బాగుండు," అంది.

ఆ ఏడు పసుపు కూడా ఊళ్లోవాళ్ల కడాయిలోనే ఉడికింది, రోడ్డు మీదే ఆరింది. గంగన్న మళ్లీ తెడ్డు పట్టాడు. రాజేశ్వర్ ధైర్యం తెచ్చుకుని స్టాకు లేదనే బోర్డు మళ్లీ తగిలించాడు. ముద్రల మీద కోళ్లు పడుకుంటున్నాయి. వాయిదా పడ్డప్పుడల్లా జీవరాజు ఇస్త్రీ చొక్కా వేసుకుని నిజామాబాద్ కోర్టుకు పోయి, మెట్ల మీద కూర్చున్నవాళ్లకు టైమింగ్ గురించి చెప్పి వస్తుంటాడు. ఇంజను ఒక్కనాడూ నడవలేదు గానీ, కేసు మాత్రం చక్కగా నడుస్తోంది.